అరికాలి పటం

నిశ్శబ్దంగా ఉంటే దారి ఖాళీ అని మా లోహితకు నేర్పింది మేమే. నేను, ఆ చెప్పులు చేసిన హైమ మేడమ్, మా మగ్గాల వీధి, అందరం కలిసి నేర్పాం. పిల్ల నమ్మింది. నమ్మింది కాబట్టే పరుగెత్తింది.

లోహితకు పుట్టుకతోనే చూపు లేదు. నేను ఇంటర్ మధ్యలో ఆపేసి, పెళ్ళయి ఈ ఊరు వచ్చాక పుట్టిన తొలిచూలు పిల్ల అది. చూపు రాదని కంటి డాక్టరు చెప్పిన రోజు నుంచి నాకు ఒకటే పని, దాని ముందు నడవడం, లేకపోతే వెనక నడవడం. మంచం కోడు, గడప, రోలు, గోడకు ఆనించిన సైకిలు, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ దాని మీదికి దూకడానికి కాచుకుని కూర్చున్నట్టే ఉండేది నాకు. మా ఆయన మార్కండేయులు మగ్గం గుంటలో కూర్చుని నవ్వేవాడు. దాన్ని నడవనియ్యవే, అది పడే దెబ్బలకంటే నువ్వు పట్టుకుని లాగే దెబ్బలే ఎక్కువ అనేవాడు. నిజమే కావచ్చు. కానీ పడితే చూడాల్సింది నేను కదా.

బడిలో టీచరమ్మ మమ్మల్ని పట్నంలోని ఒక ఇంజినీరింగు కాలేజీకి పంపింది. అక్కడి లాబులో హైమ మేడమ్ అని ఒకావిడ చూపు లేని పిల్లల కోసం చెప్పులు చేస్తోందని, వేసి చూడటానికి పిల్లలు కావాలని. మేం వెళ్ళేసరికి వరండా నిండా స్టూళ్ళు, బకెట్లు, కుర్చీలు అడ్డదిడ్డంగా పెట్టి ఉన్నాయి. లోహిత కాళ్ళకు ఆ చెప్పులు తొడిగారు. లోపలి అట్టలో నువ్వుగింజలంత మొనలు వరసలు వరసలుగా ఉన్నాయి. నడుస్తుంటే ముందున్నదేదో ఆ మొనలు లేచి అరికాలి మీద గీసి చూపిస్తాయి. కుడివైపు గోడ ఉంటే కుడి అంచున ఒక గీత. మలుపు వస్తే బొటనవేలి కింద ఒక వంపు. గుంత ఉంటే మడమ దగ్గర చురుక్కుమని ఒక పోటు. మనం కళ్ళతో చూసే పటాన్ని ఆ పిల్లలు కాళ్ళతో చూస్తారన్నమాట.

మొదట చేసిన చెప్పులు ఊరుకునేవి కావు. దారి బాగున్నా సరే అడుగడుక్కీ బాగుంది బాగుంది అని టకటకమని కొట్టేవి. సాయంత్రమయ్యేసరికి లోహిత అరికాళ్ళు మంటలెత్తేవి. గచ్చు మీద రుద్దుకునేది. నిద్దట్లో కూడా కాళ్ళు విదిలించేది. మిగతా పిల్లలదీ అదే గోల. ఒక పిల్లవాడైతే వాటిని తీసుకెళ్ళి కుడితి తొట్లో పడేశాడట. అప్పుడు హైమ మేడమ్ పద్ధతి మార్చింది. ఏమైనా ఉంటేనే చెప్పు మాట్లాడుతుంది, ఏమీ లేకపోతే మాట్లాడదు.

కొత్త చెప్పులు తొడుక్కుని లోహిత, ఈసారి ఖాళీ చేసిన వరండా మధ్యలో నిలబడింది. వేళ్ళు కదిపి చూసుకుంది. దాని మొహం అలా విప్పారడం నేను అంతకుముందు చూడలేదు.

"అమ్మా, ఇది ఊరుకుంది. అంటే ఏమీ లేనట్టేగా?"

అవునన్నాను. అంతే, పరుగు తీసింది. నేను వెనకాలే లేచాను. హైమ మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వదలండి భద్రావతిగారూ, ఒక్కసారి వదిలి చూడండి అంది. లోహిత వరండా చివరిదాకా పరుగెత్తింది. గోడకు ఇంకా రెండు బారలు ఉందనగా ఆగి, వెనక్కి తిరిగి పకపకా నవ్వింది. తొమ్మిదేళ్ళ పిల్ల, పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి పరుగు.

వరండా వేరు, మా వీధి వేరు. వరండాలో ఏది ఎక్కడుందో లాబు వాళ్ళే చెప్పుల్లోకి ఎక్కించి పెట్టారు. బయట ఆ చెప్పుల్లోకి దారి ఎక్కేది భూదర్శి అనే పటం నుంచి. ఫోనుల్లో అందరూ చూసేదే అది. రోడ్లు, ఇళ్ళు, మలుపులు అన్నీ దానికి తెలుసు. తెల్లారగానే మా వీధిలో పడుగులు పరుస్తారని మాత్రం దానికి తెలియదు. గుంజలు పాతి, వీధి పొడుగునా నూలు లాగి కట్టి, గంజి పెట్టి కుంచెలతో దువ్వుతారు. ఎండ ఎక్కేలోపు తీసేస్తారు. చెప్పులు వచ్చిన కొత్తల్లో లోహిత నేరుగా వెళ్ళి రుషి మామయ్య పడుగులో పడింది. చుట్టరికం లేకపోయినా ఆయన్ని వీధంతా అలాగే పిలుస్తాం. పోగులు పుటుక్కు పుటుక్కున తెగిపోయాయి. ఆయన కుంచె పట్టుకునే వచ్చాడు మా ఇంటి మీదికి.

"ఏందమ్మాయ్, నీ కూతురి కాళ్ళకి కళ్ళొచ్చినయ్యంటివి. ఆ కళ్ళకి నా పడుగు ఆనలేదా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాక ఆలోచన వచ్చింది. ఫోనులో వీడియోలు చూసి చూసి, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక చిన్న సైటు కట్టాను. పేరు వీధి కబురు. అప్పట్లో భూదర్శి కంపెనీ వాళ్ళు మాలాంటి చిన్న చిన్న సైట్ల వాళ్ళకు ఉట్టినే ఒక తాళంచెవి ఇచ్చేవారు. నిజం తాళంచెవి కాదు, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి మాట. దాన్ని సైటులో పెడితే వాళ్ళ పటం మన దగ్గర తెరుచుకుంటుంది. దాని మీద మన గుర్తులు మనం పెట్టుకోవచ్చు. ఆ గుర్తులు వాళ్ళ పటంలోకి ఎక్కి, అక్కడి నుంచి లోహిత చెప్పుల్లోకి దిగేవి. పడుగు పరిచినవాళ్ళు ఫోను తీసి అక్కడ ఒక చుక్క పెడితే చాలు, పిల్ల అరికాలి మీద నూలుపోగు లాగినట్టు సన్నగా ఒక గీత నడిచేది.

మొదటి చుక్క పెట్టింది రుషి మామయ్యే. తర్వాత ఆయనే వీధంతా తిరిగి ఒక్కొక్కరి చేత పెట్టించాడు. పెళ్ళి పందిరి వేస్తే చుక్క. ఈనిన గేదెను దారిలో కట్టేస్తే చుక్క. బడి మలుపులో టీ బండి సుబ్బులు అయితే తన బండి జరిపినప్పుడల్లా చుక్క జరిపేవాడు. కబుర్లు చెప్పుకోవడానికే పుట్టిన వీధి మాది, దానికి ఈ పని పెద్ద కష్టం కాలేదు.

ఊరికి అవే ఒక్క జత చెప్పులు. బడికి వెళ్ళే పిల్లల్లో చూపు లేని పిల్ల ఇంకొకతె ఉంది, ప్రిస్కిల్లా. చర్చి వెనక సందులో ఉంటూ రొయ్యల షెడ్డుకు పనికి వెళ్ళే సువార్తక్క కూతురు. అందుకని ఇద్దరూ రైలుబండి కట్టేవాళ్ళు. లోహిత ఇంజను. ప్రిస్కిల్లా వెనక నుంచి దాని భుజం మీద చెయ్యి వేసేది, ఆ చేతితోనే దారి చూస్తున్నట్టు దాని వెంట నడిచేది. బడిలో మాత్రం ప్రిస్కిల్లాయే ఇంజను. తడిమి చదివే చుక్కల అక్షరాల మీద దాని వేళ్ళు నీళ్ళ మీద పురుగులా పరిగెత్తేవి. మా దానికి చదువు ఓపిక తక్కువ, అది చదువుతుంటే ఇది వినేది. ఇద్దరినీ కలిపి కుడితే ఒక నిండు పిల్ల తయారవుద్ది భద్రా అని సువార్తక్క నవ్వేది.

నేను మొదట్లో వాళ్ళ వెనకే నక్కి నక్కి వెళ్ళేదాన్ని. లోహిత పసిగట్టేసేది. అమ్మా, గంజి వాసన వస్తంది, ఇంటికి పో అని వెనక్కి చూడకుండానే అరిచేది. చివరికి ఒప్పందం చేసుకున్నాం. వీధి మొదట్లో రాట్నాల షెడ్డు దాకానే నేను. అక్కడ నిలబడి, ఫోనులో చుక్కలు చూసుకుంటూ, మనసులో దాని వెంట నడిచేదాన్ని.

అలా ఒక ఏడాది బాగా గడిచింది. ఆ ఏడాదిని నేను ఇప్పుడు తలుచుకున్నప్పుడల్లా, ఎవరిదో బంగారం కొన్నాళ్ళు పెట్టుకుని తిరిగిచ్చినట్టు ఉంటుంది.

భూదర్శి కంపెనీ నుంచి కబురు ఇంగ్లీషులో వచ్చింది. ఫోనులోనే తెలుగు చేసుకుని చదివాం. ఫలానా తేదీ నుంచి పద్ధతులు మారుతున్నాయట. తాళంచెవి ఇకమీదట రిజిస్టరైన సంస్థలకే. చిన్న సైట్ల వాళ్ళు ఆ కాగితాలు పెట్టుకుని, వాడకానికి తగ్గట్టు డబ్బు కట్టుకోవాలి. లేదంటే సాదా పద్ధతిలో ఉండిపోవచ్చు. సాదా పద్ధతిలో పటం ఎప్పటిలాగే కనిపిస్తుంది అని రాశారు.

నేను ఆ రోజంతా వంట సరిగ్గా చెయ్యలేదు. సువార్తక్కకు చెబితే ఆమె కొంగు దోపుకుంది.

"రోడ్లేమన్నా వాళ్ళబ్బ ఏసిండా? మన ఈది మనం చూసుకోటానికి వాళ్ళకి కాయితాలు ఎందుకియ్యాల?"

ఈ కంపెనీలో ఎవరిని అడగాలో మాకు తెలియదు. అడిగే చోట ఒక డబ్బా ఉంటుంది, అందులో రాస్తే మీ మాట మాకు విలువైనది అని జవాబు వస్తుంది. హైమ మేడమ్‌కు ఫోను చేశాను. కాలేజీ పేరు మీద తాళంచెవి కోసం అప్పటికే అడిగామని, పైనుంచి సంతకం రావాలని, ఆలోపు సాదా పద్ధతిలో ఉండమని చెప్పింది. పద్ధతులు మారిన సాయంత్రం నేనూ మా ఆయనా సైటు తెరిచి చూశాం. వీధి ఉంది. రాట్నాల షెడ్డు ఉంది. బడి ఉంది. పొద్దున పెట్టిన చుక్కలు ఎర్రగా వరసగా ఉన్నాయి. అక్కడ పట్నంలో మేడమ్ కూడా తన తెర మీద చూసి, అన్నీ ఉన్నాయి భద్రావతిగారూ, హాయిగా నిద్రపొండి అంది.

అందరం కళ్ళతోనే చూశాం. కళ్ళున్న వాళ్ళం కాబట్టి కళ్ళతో చూశాం. ఆ చెప్పుల్లో ఒక్కసారి చెయ్యి పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు.

సాదా పద్ధతి అంటే ఏమిటో తర్వాత తెలిసింది. మా చుక్కలు మా సైటు మీద కనిపిస్తాయి, అంతే. వాళ్ళ పటం వాటిని తనలోకి ఎక్కించుకోదు. వాళ్ళకు ముందే తెలిసిన గోడలు, మలుపులు మాత్రం చెప్పుల్లోకి వస్తూనే ఉంటాయి. చెప్పులు చచ్చిపోయి ఉంటే పిల్లకు తెలిసిపోయేది. అవి బతికే ఉన్నాయి. మా మాట ఒక్కటే వాటికి అందలేదు.

మర్నాడు అమావాస్య.

అమావాస్య నాడు మా వాళ్ళు మగ్గం తొక్కరు. పడుగు పరచరు. తాతల నాటి నుంచి ఆ రోజు సెలవు. తెల్లారినా వీధిలో, మగ్గంలో పోగును అటూ ఇటూ లాక్కెళ్ళే నాడె చప్పుడు ఒక్కటీ ఉండదు. గుంజలు పీకి గోడలకు ఆనించి ఉంటాయి. ఆడవాళ్ళు తలంటు పోసుకుని అరుగుల మీద జుట్టు ఆరబెట్టుకుంటారు. ఇంకే రోజైనా అయితే లోహిత రెండో ఇంటి దగ్గరే పడుగుకు తగిలేది, రుషి మామయ్య మళ్ళీ కుంచె పట్టుకుని వచ్చేవాడు, మాకు ఆ క్షణమే తెలిసిపోయేది. నాలుగు పోగులు తెగేవి, అంతటితో పోయేది.

లోహిత గడప దిగి నాలుగు అడుగులు వేసి ఆగింది.

"అమ్మా, ఇయ్యాల ఈదంతా ఖాళీ."

"అమావాస్య కదే."

"మరే. భలే ఉంది."

ప్రిస్కిల్లా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. రైలు కూత కూసింది. ఇద్దరూ నడవలేదు, పరుగెత్తారు. రాట్నాల షెడ్డు దగ్గర నేను నిలబడిపోయాను. అరుగుల మీద ఆడవాళ్ళు జుట్లు విదిలించుకుంటూ, చూడండే పిల్లలు ఎట్లా పోతన్నారో అని నవ్వారు. నేను ఫోను తీసి చూశాను. బడి మలుపులో ఎర్ర చుక్క ఉంది. పైపుల కోసం ముందు రోజు సాయంత్రం గుంత తవ్వారు, టీ బండి సుబ్బులు మర్చిపోకుండా గుర్తు పెట్టాడు. పోనీలే పెట్టాడు అనుకున్నాను. నాకు ఆ చుక్క చూస్తే ధైర్యం కలిగింది.

మలుపు వచ్చినట్టు చెప్పులు లోహితకు చెప్పాయి. అది సరిగ్గానే తిరిగింది. గుంత ఉన్నట్టు చెప్పలేదు. సుబ్బులు పాలు దింపి తల తిప్పేసరికి ఇద్దరూ లోపల ఉన్నారు.

లోహితకు మోకాళ్ళు చెక్కుకుపోయాయి, పాదం బెణికింది. గుంతలో కోసి పడేసిన ఇనుప పైపు ముక్క ఉంది. ప్రిస్కిల్లా కుడి చెయ్యి దాని అంచు మీద పడింది. అరచెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకు తెగింది. సుబ్బులు తన తువ్వాలు చుట్టి ఎత్తుకొచ్చాడు. అంత నెత్తురులోనూ ఆ పిల్ల ఏడవలేదు. లోహితకి దెబ్బ తగిలిందా అని అడుగుతూనే ఉంది.

ఆస్పత్రిలో కుట్లు వేశారు. గాయం మానుతుందని, వేళ్ళు ముడుస్తుందని, గ్లాసు పట్టుకుంటుందని చెప్పారు. తర్వాత పెద్ద డాక్టరు వచ్చి ప్రిస్కిల్లా వేలి కొసల మీద సూదితో మెల్లగా తాకుతూ తెలుస్తోందా అని అడిగాడు. ఆ పిల్ల మొహం ఆయన వైపు పెట్టి, ఎప్పుడు తాకుతారు అని అడిగింది.

సువార్తక్క రొయ్యల షెడ్డు నుంచి అలాగే వచ్చింది, చేతుల నిండా ఆ వాసనతో. నన్ను తిడుతుందని చూశాను. తిట్టలేదు. కూతురి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వేలూ నొక్కుతూ కూర్చుంది. నా వైపు చూడకుండానే అంది.

"రాయటం రాకపోయినా పర్లేదు భద్రా. దీనికి చదవటం ఇష్టం."

హైమ మేడమ్ ఆ వారమే వచ్చింది. మా గుమ్మంలో కూర్చుని లోహిత చెప్పు ఒళ్ళో పెట్టుకుని దాని లోపల అరచెయ్యి పెట్టింది. చెప్పును మా ఆయన ఫోనుకు కలిపి, ఫోను ఎక్కడుంటే చెప్పు అక్కడున్నట్టు చేసి, ఆయన్ని వీధిలో అటూ ఇటూ ఫోను పట్టుకుని నడవమంది. ఆ రోజు రుషి మామయ్య పడుగు పరిచి ఉంది, చుక్క కూడా పెట్టి ఉంది. మా ఆయన పడుగు దాకా వెళ్ళి, పోగులు కడుపుకు తగిలేదాకా వెళ్ళి నిలబడ్డాడు. మేడమ్ చెయ్యి కదలలేదు. చెప్పులో ఏమీ లేచినట్టు లేదు. ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు చెప్పులోకి కారాయి.

ఊరుకోవడానికి ఒక్క అర్థమే ఉంటుందనుకున్నాను అంది. దారి ఖాళీగా ఉన్నా చెప్పు ఊరుకుంటుంది, కబురు అందకపోయినా ఊరుకుంటుంది, రెండిటికీ తేడా పెట్టలేదు నేను. చిన్నపిల్లల కాళ్ళు మండుతున్నాయని జాలిపడి చేశాను.

ఆ జాలి నాకూ ఉంది కదా. టకటకలు ఆగిన రోజు నేను ఆవిడ చేతులు పట్టుకుని దణ్ణం పెట్టాను. ఎవరిని ఏమనను. కంపెనీకి మేడమ్ పెద్ద ఉత్తరం రాసింది. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. సాదా పద్ధతిలో బయటి గుర్తులు పరికరాలకు చేరవని నిబంధనల్లో స్పష్టంగా ఉందని, జరిగినదానికి విచారిస్తున్నామని. వెతికితే నిజంగానే ఉంది. అబద్ధం ఆడలేదు వాళ్ళు. పటం ఎప్పటిలాగే కనిపిస్తుంది అన్నారు, కనిపించింది.

కాలేజీ పేరు మీద తాళంచెవి వచ్చింది, కాలం మీరిపోయాక వచ్చిన వానలాగా. చెప్పులు కొత్త పద్ధతిలో చేశారు. కొత్త పద్ధతి అంటే మళ్ళీ పాతదే. దారి బాగుంటే అడుగడుక్కీ బాగుంది బాగుంది అని కొడతాయి. కొట్టడం ఆగిందంటే ఉన్నచోటే నిలబడిపోవాలి. లోహిత అరికాళ్ళు మళ్ళీ మండుతున్నాయి. సాయంత్రం బడి నుంచి రాగానే నా ఒళ్ళో కాళ్ళు పెడుతుంది, వెన్న రాస్తాను. మండుతున్నాయని మాత్రం అనదు. ఇంతకుముందైతే ఇల్లు ఎగరగొట్టేది.

ఇప్పుడు రైలుబండికి నేనే ఇంజను. లోహిత ముందు నిలబడనంటుంది. ప్రిస్కిల్లాకు వెనక, అందరికంటే చివర నిలబడి, ఆ పిల్ల ఎడం చెయ్యి పట్టుకుని నడుస్తుంది. ఆ ఎడం చేతి వేళ్ళకు ప్రిస్కిల్లా మళ్ళీ మొదటి నుంచి చుక్కలు నేర్పుకుంటోంది. ఆ వేళ్ళు నత్తల్లా పోతాయి. అది ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటుంటే మా లోహిత పక్కన కూర్చుని వింటుంది. ఓపిక లేని పిల్ల, గంటల తరబడి కదలకుండా వింటుంది. దాన్ని అలా చూడటం నాకు కష్టం.

ఇంకొకటి మొదలైంది. ఇంట్లో ఏ గదిలోనైనా అలికిడి లేకపోతే లోహిత గుమ్మంలో ఆగిపోతుంది.

"అమ్మా, ఏమీ లేదా, లేకపోతే ఎవరూ చెప్పలేదా?"

నేను ఉన్నానే అంటాను. పొయ్యి దగ్గర ఉన్నా, బట్టలు ఉతుకుతున్నా నోటితో ఏదో ఒకటి అంటూనే ఉంటాను. మా ఆయన నాడె ఆపినప్పుడల్లా దగ్గుతాడు. మా ఇంట్లో ఊరుకునే హక్కు ఎవరికీ లేకుండా పోయింది.

అన్నిటికంటే అమావాస్య కష్టం. వీధి మొత్తం మగ్గాలు ఆగిపోతాయి. ఆ రోజు లోహిత గడప దిగదు. చెప్పులు బాగుంది బాగుంది అని ఎంత కొట్టినా దిగదు. చెప్పులు ఒకసారి నమ్మించాయి కదా. రెండు అమావాస్యలు బడి మానేసింది. నేను ఎత్తుకుని దింపబోతే గుమ్మం పట్టుకుని బిగుసుకుపోయింది.

మొన్న అమావాస్య పొద్దున, మేం ముగ్గురం గడప దగ్గర ఉన్నాం. ప్రిస్కిల్లా వచ్చి అరుగు మీద కూర్చుంది, సువార్తక్క దాన్ని దింపి నిలబడింది. అప్పుడు మగ్గం చప్పుడు వినిపించింది. అరుగుల మీద ఆడవాళ్ళు మాటలాపి తలలు తిప్పారు. అమావాస్య నాడు మగ్గం ఎవరు తొక్కుతున్నారని. చప్పుడు రుషి మామయ్య ఇంట్లో నుంచి వస్తోంది. ఆచారం తప్పితే ఎదుటివాడి గుమ్మం తొక్కని మనిషి. ఆయన ఇంట్లో పడుగు లేని పాత మగ్గం ఒకటి ఉంది, నూలు లేకుండా తొక్కితే దోషం లేదని తనకు తానే చెప్పుకున్నాడట. పిల్లకు వీధి అలికిడి ఉండాలని.

మా ఆయన మొహం తిప్పుకున్నాడు. నేను లోహిత వీపు మీద చెయ్యి వేసి, విన్నావా, మగ్గం ఆడుతోంది, పద అన్నాను.

లోహిత తల వంచి వింది. చాలాసేపు వింది.

"అది ఉత్త మగ్గం అమ్మా. నూలు లేదు. నాడె డొల్లగా తిరుగుతంది."

దాని గొంతులో కోపం లేదు. ఎప్పుడో అలవాటైపోయినట్టు ఉంది.

"ఆపమను రుషి తాతని. ఉత్త చప్పుడు వద్దు. ఖాళీగా ఉంటే ఖాళీ అని నోటితో చెప్పమను, చాలు."

నేను వెళ్ళి చెప్పాను. రుషి మామయ్య మగ్గం ఆపి గుంటలో నుంచి పైకి లేచాడు. తర్వాత వీధిలోకి వచ్చాడు. తన ఇంటి ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి, వంగి నేల చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, నా ఇంటి ముందర ఖాళీ."

పక్కింటామె తడి జుట్టు ముడేసుకుని అరుగు దిగి తన వాకిలి చూసుకుంది. మా ఇంటి ముందు కూడా ఖాళీనే తల్లీ అంది. ఆ తర్వాతి ఇంటివాళ్ళు అన్నారు. అలా ఒక్కొక్క వాకిలీ పలుకుతూ రాట్నాల షెడ్డు దాకా వెళ్ళింది. మలుపు దగ్గర నుంచి సుబ్బులు గొంతు కూడా సన్నగా వినిపించింది.

లోహిత గుమ్మం వదిలింది. ప్రిస్కిల్లా ఎడం చెయ్యి పట్టుకుంది. మేం చూస్తూ ఉండగా ఒక అడుగు దించింది. ఆగి, మళ్ళీ చెప్పమంది. రుషి మామయ్య మళ్ళీ చెప్పాడు. ఇంకో అడుగు వేసింది.

వీధి చివరిదాకా ఒక్క రాయి లేదు, ఒక్క గుంజ లేదు. అలాంటి వీధిలో నా కూతురు ముసలమ్మలా నేల తడుముకుంటూ వెళ్తోంది. రాట్నాల షెడ్డు దాకా వాళ్ళ వెనకే నడిచి, పాత ఒప్పందంలాగే అక్కడ ఆగి, ఈసారైనా పరుగెడుతుందేమో అని చూశాను. మలుపు తిరిగేదాకా చూశాను. పరుగెత్తలేదు.